సల్కస్ అని కనబడితే ఎలా చదవాలి

నేను గుంటూరు కొత్తపేటలో ఒక స్కాన్ సెంటర్లో రిపోర్టులు టైప్ చేస్తాను. డాక్టర్ గారు ఫిల్మ్ చూస్తూ చెబుతుంటే నేను కొట్టి ఇస్తాను, ఆయన మళ్ళీ ఒకసారి చదివి సంతకం పెడతారు. కవర్లో పెట్టి మనుషుల చేతికిచ్చేదీ నేనే. చాలామంది ఇంటికెళ్ళేదాకా ఆగరు, కౌంటర్ దగ్గరే విప్పి చదువుతారు. హెమరేజ్, ట్యూమర్ లాంటి మాటలు ఇప్పుడు అందరికీ తెలుసు. అవి లేవని చూసుకుని ఊపిరి పీల్చుకుంటారు, ఆ కింద లైన్లో సల్కస్ అనో సల్సై అనో కనబడగానే మళ్ళీ టెన్షన్ పడతారు. ఇంట్లో మా అబ్బాయి బైపీసీ పుస్తకంలోనూ అదే మాట. వాడు మొబైల్లో చూసే గ్రహాల ఫొటోల కింద కూడా అదే. అందుకే ఈ ఒక్క మాటని ఎక్కడ కనబడినా ఎలా చదువుకోవాలో రాస్తున్నాను. రిపోర్టు పట్టుకున్నవాళ్ళకీ పనికొస్తుంది, నర్సింగ్, ఫిజియోథెరపీ, డెంటల్ చదివే పిల్లలకీ పనికొస్తుంది.

లాటిన్‌లో సల్కస్ అంటే నాగటి చాలు. మన సీతమ్మ పేరుకి సంస్కృతంలో ఉన్న అర్థం కూడా అదే. మిరప తోట చూసినవాళ్ళకి ఇంకేమీ చెప్పక్కర్లేదు: ఒక బోదె, ఒక చాలు, మళ్ళీ బోదె. మెదడు పైభాగమూ అలాగే ఉంటుంది. ఉబ్బెత్తుగా ఉన్న బోదెని గైరస్ అంటారు, రెండు గైరస్‌ల మధ్య పల్లాన్ని సల్కస్ అంటారు. స్పెల్లింగు చివర యూ, ఎస్ ఉంటే ఒక్కటే గాడి. ఆ రెండూ పోయి ఐ వస్తే ఒకటికంటే ఎక్కువ. దాన్ని కొందరు సల్సై అంటారు, కొందరు సల్కై అంటారు, రెండూ ఒకటే. సల్కల్ అని ఉంటే ఆ గాడికి సంబంధించింది, సల్కేట్ అంటే గాళ్ళు పడినది అని అర్థం.

అన్నిటికంటే ముందు గుర్తుపెట్టుకోవాల్సింది ఇది: సల్కస్ ఒక చోటు పేరు, జబ్బు పేరు కాదు. అందరికీ ఉంటుంది. ఉండాలి కూడా. కాబట్టి ఆ మాట దగ్గర ఆగిపోకుండా మూడు సంగతులు చూడండి. గాడి దేని మీద ఉంది? అందులో ఏముంది, లేదా అది దేన్ని దేనినుంచి విడదీస్తోంది? దాని పక్కన ఏ మాట రాశారు? మూడోదే అసలు కబురు.

మెదడు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎక్కువమంది భయపడేది అక్కడే.

మెదడు పైపొరని కార్టెక్స్ అంటారు. అందులో సుమారు మూడింట రెండు వంతులు బయటికి కనబడకుండా ఈ గాళ్ళ లోపలే మడతపడి ఉంటుంది. అంత పొర పుర్రెలో పట్టాలంటే మడతలు పడాల్సిందే. ఎలుక మెదడు నున్నగా ఉంటుంది, డాల్ఫిన్ మెదడు నిండా గాళ్ళే. కడుపులో బిడ్డకి కూడా మొదటి నెలల్లో మెదడు నున్నగానే ఉండి, సుమారు ఐదో నెల నుంచి ఒక్కో గాడీ తేలుతూ వస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల స్కాన్‌లో సల్సై తక్కువగా కనబడటానికి కారణం అదే, వయసుకి తగ్గట్టే ఉన్నాయా అన్నది డాక్టర్ చూస్తారు. గాళ్ళు అసలు సరిగా ఏర్పడకపోతే దాన్ని లిసెన్‌కెఫలీ అంటారు. అది అరుదు.

పెద్ద గాళ్ళకి పేర్లున్నాయి. సెంట్రల్ సల్కస్ మెదడు ముందు భాగాన్ని దాని వెనకున్న భాగం నుంచి విడదీస్తుంది. ఇటలీ అనాటమిస్టు రొలాండో పేరుతో కూడా దాన్ని పిలుస్తారు. ఆ గాడికి ముందున్న గైరస్ ఒళ్ళు కదిలిస్తుంది, వెనకున్న గైరస్ స్పర్శ తెలుసుకుంటుంది. అందుకే చెయ్యీ కాలూ పడిపోయిన మనిషి రిపోర్టులో ఈ గాడి పేరు కనబడితే, దెబ్బ దానికి ముందు తగిలిందా వెనక తగిలిందా అన్నది ముఖ్యమవుతుంది. పక్కనుంచి అడ్డంగా వెళ్ళే లోతైన గాడి లాటరల్ సల్కస్. 17వ శతాబ్దపు డాక్టర్ సిల్వియస్ పేరుతో దాన్ని సిల్వియన్ ఫిషర్ అని కూడా రాస్తారు. వెనక్కి వెళ్తే కాల్కరైన్ సల్కస్, దాని అంచులే చూపుని అందుకునే చోటు. నర్సింగ్ పిల్లలు ఈ మూడూ గట్టిగా పట్టుకుంటే మిగతావి మెల్లగా వస్తాయి.

ఇప్పుడు ఫిల్మ్‌ని కిటికీ వెలుతురుకి పట్టుకోండి. సీటీ అయితే చుట్టూ తెల్లటి వలయం పుర్రె, లోపల బూడిద రంగు మెదడు. ఆ బూడిద రంగు అంచున, పుర్రెకి ఆనుకుని, సన్నగా మెలికలు తిరిగి లోపలికి దిగే నల్లటి గీతలు ఉంటాయి. అవే సల్సై. నలుపు ఎందుకంటే వాటిలో సీఎస్ఎఫ్ అనే నీరు ఉంటుంది, సీటీలో నీరు ముదురుగా కనబడుతుంది. ఎమ్మారైలో ఒకే చోటుని టీ-వన్, టీ-టూ, ఫ్లెయిర్ అని రకరకాలుగా తీస్తారు. అదే మనిషికి ఎమ్మారై తీస్తే టీ-వన్‌లో ఆ గీతలు నల్లగా, టీ-టూలో తెల్లగా, ఫ్లెయిర్‌లో మళ్ళీ నల్లగా వస్తాయి. తెల్లగా ఉన్నదల్లా రోగం అనుకోవద్దని చెప్పేది ఇందుకే. ముందు ఫిల్మ్ మూలన ఏం రాసి ఉందో చూడాలి.

రిపోర్టులో ఎక్కువగా వచ్చే మాటలు నాలుగైదే. 'వెంట్రికల్స్ అండ్ సల్సై నార్మల్' అంటే మాట్లాడాల్సింది లేదు. వెంట్రికల్స్ అంటే మెదడు లోపలి నీటి గదులు. 'సల్సై ప్రామినెంట్' అంటే గాళ్ళు కాస్త వెడల్పయ్యాయని. ప్రత్తిపాడు వైపు నుంచి వాళ్ళ నాన్నని తీసుకొచ్చిన ఒకాయన ఈ లైన్ మీద వేలు పెట్టి అడిగారు, "అమ్మా, ప్రామినెంట్ అంటే లోపల గడ్డేమైనా లేచిందా?" అని.

"గడ్డ కాదన్నా. వయసు మీద పడేకొద్దీ మెదడు కొంచెం తగ్గుద్ది, మధ్యలో గాళ్ళు వెడల్పుగా కనబడతాయి. నాన్నగారి వయసెంత?"

"డెబ్బై ఎనిమిది."

"పక్కనే చూడండి, ఏజ్ రిలేటెడ్ అని రాశారు. మతిమరుపు గానీ నడకలో తేడా గానీ ఉంటే మాత్రం డాక్టర్ గారికి తప్పకుండా చెప్పండి."

ఆ 'పక్కనే చూడండి' అన్నదే ఈ మొత్తం సంగతి. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషికి ప్రామినెంట్ అంటే ఒక అర్థం, నలభై ఏళ్ళ మనిషికి ఇంకో అర్థం. చాలాకాలం బాగా తాగినవాళ్ళలోనూ మెదడు కుంచించుకుని గాళ్ళు వెడల్పవుతాయి. వయసుకి మించి కనబడితే కారణం వెతకాల్సి ఉంటుంది.

దీనికి పూర్తిగా ఎదురు మాట 'సల్కల్ ఎఫేస్‌మెంట్'. గాళ్ళు పూడిపోయాయి, కనబడటం లేదు అని. ఎవరో పూడ్చింది కాదు, మెదడు వాచి బోదెలు ఒకదానికొకటి ఒత్తుకోవడంతో మధ్య చాలు మూసుకుపోయింది. తలకి దెబ్బ తగిలినప్పుడు, పెద్ద పక్షవాతం వచ్చినప్పుడు ఇలా జరుగుతుంది. ప్రామినెంట్ అన్న మాటకి కంగారుపడి, ఎఫేస్‌మెంట్ అన్న మాటని మామూలుగా వదిలేసేవాళ్ళని చూశాను. నిజానికి తొందరపడాల్సింది రెండోదానికే. అలాంటి రిపోర్టు తీసుకుని రేపు చూద్దాంలే అని ఇంటికి వెళ్ళకూడదు. ఇంకొకటి, మామూలు సీటీలో నల్లగా ఉండాల్సిన ఈ గీతల్లో తెలుపు కనబడి 'సల్కల్ స్పేసెస్‌లో హైపర్‌డెన్సిటీ' అని రాస్తే, ఆ నీటిలోకి రక్తం చేరిందేమోనని చూస్తారు. సబరాక్నాయిడ్ హెమరేజ్ అనేది దాన్నే. ఉన్నట్టుండి ఎప్పుడూ రానంత తలనొప్పి వచ్చినవాళ్ళకి ముందు సీటీ తీయమనేది ప్రధానంగా ఇందుకోసమే.

ఫిషర్ అన్న మాట గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మెదట్లో ఫిషర్ అంటే మరీ లోతైన గాడి, పుట్టుకతో వచ్చేది. మొలలతో పాటు వినే ఫిషర్ మాత్రం చర్మం చీలి వచ్చే పుండు. మాట ఒకటే కాబట్టి మెదడు చీలిందేమోనని అడిగిన తల్లులున్నారు. అలాంటిదేమీ కాదు.

గుండెకీ గాళ్ళున్నాయి. పై గదులకీ కింది గదులకీ మధ్య చుట్టూ తిరిగేది కరొనరీ సల్కస్. కింది గదుల మధ్య ముందువైపు దిగేది యాంటీరియర్ ఇంటర్‌వెంట్రిక్యులర్ సల్కస్. ఈ పేర్లు ఎవరూ గుర్తుపెట్టుకోరు గానీ వాటిలో పరుగెత్తే రక్తనాళాలు ఊరందరికీ తెలుసు. స్టెంట్ వేసిన ప్రతి ఇంట్లో వినబడే ఎల్ఏడీ అనే నాళం ఉండేది ఆ ముందు గాడిలోనే. కుడి కరొనరీ నాళం, ఎడమ వైపు సర్కమ్‌ఫ్లెక్స్ నాళం కరొనరీ సల్కస్ పట్టుకుని చుట్టూ వెళ్తాయి. శరీరంలో చాలాచోట్ల సల్కస్ ఉద్దేశం ఇదే: ఒక నాళమో నరమో స్నాయువో కదలకుండా, నలగకుండా వెళ్ళడానికి దారి.

పరీక్షలు రాసే పిల్లలు ఒకచోట జాగ్రత్తగా ఉండాలి. సల్కస్ టెర్మినాలిస్ అనే పేరు రెండుచోట్ల ఉంది. నాలుక మీద అది ఇంగ్లిష్ వీ అక్షరం ఆకారంలో ఉండి, ముందు మూడింట రెండు వంతుల నాలుకని వెనకున్న మూడో వంతు నుంచి విడదీస్తుంది. దాని మొన దగ్గర చిన్న గుంట, ఫోరామెన్ సీకమ్. గుండెలో అదే పేరుతో కుడి పైగది బయటివైపు ఒక గీత ఉంటుంది, దానికి సరిగ్గా లోపలివైపు క్రిస్టా టెర్మినాలిస్ అనే మిట్ట ఉంటుంది. ప్రశ్నలో నాలుకా గుండెనా అన్నది మొదట చూసుకోండి.

ఎముకల మీద గాళ్ళని ఇంగ్లిష్‌లో ఎక్కువగా గ్రూవ్ అనేస్తారు, పుస్తకాల్లో లాటిన్ పేరు సల్కస్. మోచేయి లోపలివైపు ఎముక వెనక వేలు పెట్టి తడిమితే ఒక సన్నటి గాడి తగులుతుంది. అల్నార్ నరం అందులోంచే వెళ్తుంది. అక్కడ దేనికైనా తగిలితే చిటికెన వేలి దాకా జిల్లుమనేది అందుకే. పై చేయి ఎముక వెనకవైపు ఏటవాలుగా ఇంకో గాడి, అందులో రేడియల్ నరం. ఎముక అక్కడ విరిగితే నరమూ దెబ్బతిని మణికట్టు పైకి లేవకుండా వేలాడిపోవచ్చు. అందుకే కట్టు వేసేముందే డాక్టర్లు మణికట్టు పైకెత్తమని అడుగుతారు. పక్కటెముక కింది అంచు లోపలివైపు ఉండే గాడిలో పైనుంచి కిందికి సిర, ధమని, నరం వరసగా ఉంటాయి. ఊపిరితిత్తి చుట్టూ నీరు తీసేటప్పుడు సూదిని కింది పక్కటెముక పై అంచుని ఆనించి గుచ్చేది, పై ఎముక గాడిలో ఉన్న ఆ మూడింటికీ తగలకుండా ఉండటానికే. నర్సింగ్ పిల్లలు ట్రే సర్దడం ఒక్కటే కాదు, ఈ కారణం కూడా తెలుసుకోవాలని నా కోరిక.

పంటి సల్కస్ మాత్రం ఎవరికి వాళ్ళు బాగుచేసుకోగలిగింది. పంటికీ చిగురుకీ మధ్య చుట్టూ ఉండే సన్నటి సందుని జింజైవల్ సల్కస్ అంటారు. డెంటిస్టు మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి పుల్లని అందులోకి దించి, ఒక్కో పంటి చుట్టూ ఆరుచోట్ల లోతు చూసి అంకెలు చదువుతారు, పక్కనున్నవాళ్ళు రాసుకుంటారు. 1 నుంచి 3 వరకు వినబడితే బాగున్నట్టు. 4, 5 అని వినబడటం మొదలైతే, ముఖ్యంగా రక్తం కూడా వస్తుంటే, చిగురు పంటిని వదులుతోందేమో చూడాలి. అప్పుడు దాన్ని సల్కస్ అనరు, పాకెట్ అంటారు. బ్రష్‌ని పంటికి అడ్డంగా పెట్టి బలంగా రుద్దితే ఆ సందులోకి కుచ్చులు వెళ్ళవు. బ్రష్‌ని చిగురు అంచుకి సుమారు 45 డిగ్రీల వాలులో ఆనించి, అక్కడక్కడే చిన్నగా ఆడించాలి. మెత్తటి కుచ్చుల బ్రష్ తీసుకోండి.

కంటి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ కార్డు మీద కూడా ఈ మాట కనబడవచ్చు. శుక్లం తీశాక కొత్త లెన్స్‌ని మామూలుగా దాని పాత సంచీలోనే పెడతారు. ఆ సంచీ నిలవనప్పుడు దాని ముందున్న సీలియరీ సల్కస్‌లో పెడతారు, కార్డు మీద 'ఐఓఎల్ ఇన్ సల్కస్' అని రాస్తారు. ఐఓఎల్ అంటే ఆ కొత్త లెన్సే. తర్వాత ఏ కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళినా ఆ కార్డు తీసుకెళ్ళండి. స్వరతంతువు మీద గాడి పడటాన్ని సల్కస్ వోకాలిస్ అంటారు, గొంతు బొంగురుపోతుంది. ఈ ఒక్కచోట మాత్రం సల్కస్ అన్నది సమస్య పేరే.

ఇక మైక్రోస్కోపు కిందికి వెళ్దాం. బోటనీవాళ్ళకి సల్కస్ అంటే పుప్పొడి రేణువు మీద పొడుగాటి పల్లం, పుప్పొడి నాళం బయటికి వచ్చే దారి. కొబ్బరి పువ్వు, సంపెంగ పువ్వు నుంచి పొడి దులిపి చూస్తే రేణువుకి ఒకే ఒక్క గాడి ఉంటుంది, మోనోసల్కేట్ అంటారు. మన మిరప పువ్వు రేణువుకి మూడు గాళ్ళు, కానీ వాటిని సల్కస్ అనరు, కోల్పస్ అంటారు. తేడా ఆకారంలో కాదు, చోటులో ఉంది. నాలుగు రేణువులు ఒక గుంపుగా పుడతాయి కదా, ఆ గుంపు మధ్యనుంచి బయటికి తిరిగిన ధ్రువం దగ్గర ఉంటే సల్కస్, నడుము దాటుతూ నిలువుగా ఉంటే కోల్పస్. రికార్డులో బొమ్మ వేసేటప్పుడు ధ్రువం గుర్తు పెట్టకపోతే ఈ తేడా ఎవరికీ తెలియదు, కాబట్టి అది ముందు గుర్తించండి. కొబ్బరి ఏకదళబీజం, సంపెంగ కాదు, అయినా రెండింటికీ ఒకే గాడి. ఒక్క గాడి చూసి ఏకదళబీజమని తేల్చేయకూడదు.

మా అబ్బాయికి ఇష్టమైనది ఆకాశం. గ్రహాల మీద, ఉపగ్రహాల మీద పేర్లు ఖాయం చేసేది అంతర్జాతీయ ఖగోళ సంఘం. పక్కపక్కనే ఇంచుమించు సమాంతరంగా సాగే గాళ్ళు, మిట్టల పట్టీని వాళ్ళు సల్కస్ అంటారు. సౌరకుటుంబంలో అతి పెద్ద ఉపగ్రహం గానిమీడ్ మీద ఉరుక్ సల్కస్ ఉంది, సుమేరియా నగరం ఉరుక్ పేరు. అంగారకుడి మీద ఒలింపస్ పర్వతం దగ్గర లైకస్ సల్సై ఉన్నాయి. శనిగ్రహం చుట్టూ తిరిగే ఎన్సెలడస్ అడ్డంగా సుమారు 500 కి.మీ. మాత్రమే ఉన్న మంచు గోళం. దాని దక్షిణ ధ్రువం దగ్గర నాలుగు పొడుగాటి గాళ్ళున్నాయి: అలెగ్జాండ్రియా, కైరో, బాగ్దాద్, డమాస్కస్. ఎన్సెలడస్ మీద పేర్లన్నీ అరేబియన్ రాత్రుల కథల నుంచి తీసుకున్నవి. ఈ నాలుగు గాళ్ళలో ఒక్కోటీ సుమారు 130 కి.మీ. పొడవు, అర కిలోమీటరు లోతు, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య దూరం సుమారు 35 కి.మీ. గుంటూరు నుంచి విజయవాడకి దాదాపు అంతే. 2005లో శనిగ్రహం దగ్గరున్న కసీని అంతరిక్ష నౌక పంపిన ఫొటోల్లో ఈ గాళ్ళలోంచి నీటి ఆవిరీ మంచు తుంపరలూ అంతరిక్షంలోకి చిమ్ముతూ కనబడ్డాయి. మంచు కింద ఉప్పునీటి సముద్రం ఉందని ఆ తర్వాత తేలింది. అక్కడ కూడా మన ప్రశ్నే పనికొచ్చింది, గాడిలో ఏముంది అని.

చంద్రుడి మీద మాత్రం సల్కస్ కోసం వెతకొద్దు. అక్కడ గాళ్ళని రిమా అంటారు. 1971లో అపోలో 15 దిగింది హాడ్లీ రిమా పక్కనే.

ఇప్పుడు మీకు కొత్తగా ఒక మాట కనబడిందనుకోండి, 'డీప్ సల్కస్ సైన్'. ఛాతీ ఎక్స్‌రే రిపోర్టులో ఉంది. మూడు ప్రశ్నలూ వేద్దాం. దేని మీద? ఛాతీ గోడకీ డయాఫ్రమ్‌కీ (ఛాతీని పొట్టనుంచి వేరుచేసే కండర పొర) మధ్య, పక్కటెముకల అడుగున ఉండే మూల. కాస్టోఫ్రెనిక్ సల్కస్ దాని పేరు. అందులో ఏముండాలి? మామూలుగా అక్కడికి ఊపిరితిత్తి అంచు దిగుతుంది. పక్కన ఏ మాట ఉంది? డీప్, అంటే ఒకవైపు మూల ఉండాల్సినదానికంటే లోతుగా, నల్లగా కనబడుతోంది. హైవే మీద యాక్సిడెంట్ అయి వచ్చిన మనిషిని నిలబెట్టి ఎక్స్‌రే తీయలేరు, పడుకోబెట్టే తీస్తారు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఉంటే అప్పుడది పైకి కాకుండా ఛాతీ ముందుకీ అడుగుకీ చేరి ఆ మూలని కిందికి నెడుతుంది. న్యూమోథొరాక్స్ అనేది దాన్నే. ఇది కనబడితే మా డాక్టర్ గారు టైపింగ్ కోసం ఆగరు, ముందు ఆ వార్డుకి ఫోన్ చేస్తారు.